వైద్యశాస్త్ర తపస్వి డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, పాడేరు మొదలగు తావులతో కూడిన తూర్పుకనుమల మన్యమునందు తరతరములుగా కొన్ని కుటుంబములను బాధించుచున్న రక్తవ్యాధి యొకటి కలదు. బిడ్డ పుట్టిన కొన్ని నెలలకే చేతులు, పాదములు వాచును. వయస్సు పెరిగినకొలది ఎముకలయందును కీళ్లయందును భరింపరాని నొప్పులు వచ్చును. కన్నులు పచ్చబడును, రక్తము తఱిగి పనికి సత్తువ చాలకుండును. వైద్యులు దీనిని సికిల్‌సెల్ వ్యాధి యందురు. గుండ్రముగా నుండవలసిన ఎఱ్ఱ రక్తకణములు కొడవలివలె వంగిపోవుటచే దీనికి ఆ పేరు వచ్చినది.

ఈ వ్యాధి గలవారికి ఆరోగ్యకేంద్రమునందు ఇచ్చు మాత్రలలో ఫోలిక్ ఆమ్లము ఒకటి. వ్యాధిని మూలముతో పోగొట్టుటకు చాలకాలముగా వైద్యులు అనుసరించుచున్న మార్గము, ఆరోగ్యవంతుని ఎముకల మూలుగను రోగికి ఎక్కించుట. ఆ చికిత్సలో, క్రొత్తగా వచ్చిన మూలుగకును పాత శరీరమునకును వైరము పుట్టకుండ వాడు మందులలో మెథోట్రెక్సేటు ఒకటి. ఒకటి కణమునకు ఆహారము. మఱియొకటి కణమునకు ఆహారము అందకుండ చేయునది. పరస్పర విరుద్ధములైన ఈ రెండింటి వెనుకను నిలిచిన పేరు ఒక్కటే. ఆ పేరు తెలుగువారిది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన, నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూశాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో సుబ్బారావుగారు నాల్గవవారు. తండ్రిగారు అనారోగ్యముచే ఉద్యోగమును ముందుగనే విడువవలసివచ్చినందున సంసారము ఇబ్బందులపాలయ్యెను.

బాల్యమున ఆయన చదువునందు శ్రద్ధగలవాడని ఎవరును అనుకొనలేదు. పదమూడేండ్ల ప్రాయమున కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేరగా, నిడదవోలులో పట్టుకొని ఇంటికి తెచ్చిరని చెప్పుదురు. తల్లి కఠినురాలు, ఆమె పట్టుదలయే ఆ బాలుని మరల బడిలో కూర్చుండబెట్టెను. తండ్రి మరణించిన పిమ్మటను ఆమె పట్టు విడువలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలునుండి సుబ్బారావుగారు కృతార్థులైరి.

మద్రాసులో చదువుచుండగా ఆయన మనస్సు రామకృష్ణమఠమువైపు తిరిగెను. సన్న్యసింపవలెనని కోరిక కలిగినను, తల్లి అందుకు అంగీకరింపలేదు. ప్రజలకు సేవచేయుటకు వైద్యముకూడ ఒక మార్గమే యని యెంచి ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. చదువునకు ధనసహాయము చేసినవారిలో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ముఖ్యులు. 1919లో వారి కుమార్తె శేషగిరిని సుబ్బారావుగారు వివాహమాడిరి.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట వినబడుచున్న దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాశాలకు ఖద్దరు దుస్తులతో వెళ్లిరి. అది ఆంగ్లేయుడైన ఆచార్యునకు కోపము తెప్పించెను. పరీక్షలయందు బాగుగా వ్రాసినను, ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. సర్కారు వైద్యశాఖలో ప్రవేశము దొరకక, ఆయన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించుచు కాలము గడిపిరి.

ఇంతకుముందే ఆ కుటుంబముపై పిడుగువంటి ఆపద పడెను. స్ప్రూ అను వ్యాధి ఉష్ణదేశములలో వచ్చు గ్రహణివంటిది; తిన్న ఆహారము ఒంట బట్టక, రక్తము క్షీణించి మనిషి శుష్కించిపోవును. ఆ వ్యాధిచే సుబ్బారావుగారి సోదరులిద్దఱు ఎనిమిది దినముల వ్యవధిలో మరణించిరి. పిమ్మట సుబ్బారావుగారికిని అదే వ్యాధి సోకెను. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే ఆయన బ్రతికి బయటపడిరి. సోదరులను పోగొట్టుకొన్న ఆ దుఃఖము ఆయనను జీవితాంతము విడువలేదు. ఉష్ణదేశ వ్యాధుల మూలములను తెలిసికొనవలెనను సంకల్పము అచ్చటనే పుట్టినది.

మామగారు కూర్చిన ధనముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధివారు చేసిన వాగ్దానముతోను, ఆయన 1920 తరువాతి తొలి సంవత్సరములలో అమెరికా దేశమునకు ప్రయాణమై, బోస్టను నగరమునందలి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిరి. భార్యను స్వదేశముననే విడిచి వెళ్లిరి. కొద్దికాలములో తిరిగివత్తునని అనుకొన్న ఆ ప్రయాణము ఇరువది అయిదేండ్లు సాగి, తిరుగు ప్రయాణము లేకయే ముగిసెను. పుట్టిన బిడ్డ పసితనముననే మరణించెను. ఆ బిడ్డను తండ్రి చూడలేదు. శాస్త్రమునకు ఆయన చెల్లించిన మూల్యములో ఆ ఇల్లాలి ఒంటరితనమును గూడ లెక్కింపవలెను.

హార్వర్డులో పగలు పరిశోధన, రాత్రులు వైద్యశాలలో కూలిపని. రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపఱచు పనియు ఆయన చేసిరి. ఆచార్యుడు సైరస్ ఫిస్కె ప్రయోగశాలలో చేరి, రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొని 1925లో ప్రకటించిరి. ఫిస్కె-సుబ్బారావు పద్ధతి యను పేర అది ప్రపంచమునందలి ప్రయోగశాలలకు ప్రాకెను. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏటీపీ యను పదార్థమును వా రిరువురును వెల్లడించిరి. జర్మనీదేశమున కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును ఆ సంవత్సరమే ఏటీపీని వేఱుగా కనుగొనెను. కాలు కదపుటకు, గుండె కొట్టుకొనుటకు కావలసిన శక్తిని జీవకణము ఏటీపీ రూపముననే ఖర్చుచేయును. 1930లో సుబ్బారావుగారికి డాక్టరేటు పట్టము లభించెను. ఇంత చేసినను, హార్వర్డు ఆయనకు స్థిరమైన ఉద్యోగము నీయలేదు.

ఆ ప్రయోగశాలలోనే జార్జి హిచ్చింగ్స్ అను అమెరికా యువకుడును ఫిస్కె శిష్యుడుగా పరిశోధించి 1933లో డాక్టరేటు పొందెను. ఒకే బల్లల మధ్య తిరిగిన ఈ ఇరువురును పిమ్మట వేఱువేఱు సంస్థలకు పోయి, వేఱువేఱు మందులను చేసిరి. ఐనను, ఒకరి అవయవము మఱియొకరి శరీరమున నిలుచుటకు ఆ రెండు మార్గములును తోడ్పడినవి. ఆ సంగతి ముందు తెలియగలదు.

1940లో సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్‌రివర్‌నందున్న లెడర్లీ మందుల కంపెనీలో చేరిరి. 1942నాటికి అచ్చటి పరిశోధనలకెల్ల అధిపతియైరి. సోదరులను బలిగొన్న రక్తక్షీణత అప్పటికిని ఆయన మనస్సులో మెదలుచునే యుండెను. అంతకు పూర్వమే లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారములోని యేదో యొక పదార్థము దానిని కుదుర్చుచున్నదని 1931లో వెల్లడించి యుండెను. ఆ జాతి పదార్థమునే పిమ్మట పాలకూరవంటి ఆకుకూరనుండి తీసి, ఆకు అను నర్థముగల లాటిను మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు దాని నిర్మాణమును తెలిసికొని, 1945లో దానిని ప్రయోగశాలలోనే తయారుచేసిరి. స్ప్రూ వ్యాధికిని, గర్భిణుల రక్తహీనతకును నిజమైన మందు చేతికి వచ్చెను. నేడు గ్రామములలో గర్భిణీ స్త్రీకి ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రయందున్నది ఇదియే.

ఇచ్చటనే కథ మలుపు తిరిగెను. బోస్టనులో పసిబిడ్డల వైద్యుడైన సిడ్నీ ఫార్బరు, లుకేమియా యను రక్తపు క్యాన్సరుగల పిల్లలకు ఫోలిక్ జాతి పదార్థముల నిచ్చినప్పుడు వ్యాధి తగ్గకపోగా ఉద్ధృతమైనట్లు గమనించెను. ఆహారము రోగకణమును పెంచినచో, ఆహారమువలె కనబడి ఆహారము కాని పదార్థము దానిని మాడ్చవలెను గదా! సుబ్బారావుగారి ప్రయోగశాల అట్టి పదార్థములను తయారుచేసి ఫార్బరునకు పంపెను. వానిలో అమినోప్టెరిను ముఖ్యమైనది. దాని సోదరియే మెథోట్రెక్సేటు.

ఇది పనిచేయు విధము కఠినమైనది కాదు. జీవకణము రెండుగా చీలుటకు ముందు, తన జాతకమువంటి జన్యుపదార్థమునకు నకలు తీసికొనవలెను. ఆ పనికి ఫోలిక్ ఆమ్లము అవసరము. మెథోట్రెక్సేటు అచ్చముగా దానివలెనే యుండి, తాళములో దూరిన నకిలీ తాళపుచెవివలె ఇఱుకుకొని, అసలు చెవి తిరుగకుండ చేయును. ఎక్కువ వేగముతో చీలు కణము ఎక్కువగా దెబ్బతినును. ఫార్బరు అమినోప్టెరినుతో 16 మంది పిల్లలకు చికిత్సచేయగా, 10 మందికి కొంతకాలము గుణము కనబడెనని 1948 జూను మాసమున ప్రకటితమయ్యెను. పూర్తిగా నయము కాకపోయినను, రక్తపు క్యాన్సరునకు మందు కలదని లోకమునకు తెలిసినది అప్పుడే.

ఆ రెండుమాసములకే, 1948 ఆగష్టులో, సుబ్బారావుగారు న్యూయార్కు ప్రాంతమున నిద్రలోనే గుండె ఆగి పరమపదించిరి. అప్పటి కాయన వయస్సు 53 సంవత్సరములు. బోదకాలు పురుగులపై పనిచేయు హెట్రజాను మందు 1947లోను, ఆరియోమైసిను అను క్రిమినాశకౌషధము 1948లోను ఆయన ఆధిపత్యముననే వెలువడినవి.

సుబ్బారావుగారు ఎన్నడును అవయవమార్పిడినిగూర్చి పరిశోధింపలేదు. ఆయన జీవించినన్నాళ్లు అది వైద్యులకు అంతుచిక్కని సమస్య. ఒకరి చర్మమును మఱియొకరికి అతికించినచో కొన్ని దినములలో రాలిపోవును. రెండవసారి అతికించినచో మఱింత త్వరగా రాలును. శరీరము తనదేదో, పరులదేదో గుర్తించి, పరులదానిని శత్రువువలె తరుమును. రోగములనుండి కాపాడు శక్తియే ఇచ్చట మేలునకు అడ్డుపడును.

ఆ గోడకు మొదటి పగులును చూపినవి ఆవుదూడలు. 1945లో అమెరికాలోని విస్కాన్సిను విశ్వవిద్యాలయమున రే ఓవెన్ అను శాస్త్రజ్ఞుడు, రూపమున వేఱైన కవలదూడలు తల్లికడుపులో రక్తనాళములు కలిసియుండుటచే, ఒకదాని రక్తకణములు మఱియొకదానిలో జీవితాంతము వైరములేక నిలిచియుండుటను కనుగొనెను. ఇంగ్లాండులో పీటర్ మెడవార్, తన సహచరులు బిల్లింగ్‌హామ్, బ్రెంట్ అనువారితో కలిసి, పుట్టని ఎలుకపిల్లలకు అన్యజాతి ఎలుకల కణములను ఎక్కించి, అవి పెరిగిన పిమ్మట ఆ జాతి చర్మమును తిరస్కరింపకుండ భరించుటను 1953లో లోకమునకు చూపెను. సహనము పుట్టుకతోనే కాక, నేర్పినను వచ్చునని దీనిచే తేలినది. మెడవారునకు 1960లో బర్నెట్‌తో కలిసి నోబెలు బహుమతి వచ్చెను.

కాని పుట్టి పెరిగిన మనిషికి ఆ సహనమును నేర్పుటెట్లు? 1954 డిసెంబరు 23న బోస్టనులో జోసెఫ్ మర్రే అను వైద్యుడు ఒక మూత్రపిండమును మార్చి విజయము పొందెను. అది ఒకే రూపముగల కవలసోదరుల మధ్య జరిగినది గావున వైరమునకు తావులేకపోయెను. ఇతరులకు మందు కావలసివచ్చెను. హార్వర్డులో సుబ్బారావుగారికి సహవాసియైన హిచ్చింగ్స్, గెర్ట్రూడ్ ఎలియాన్‌తో కలిసి, కణము నకలు తీసికొను పనికే అడ్డుపడు 6-మెర్కాప్టోప్యూరిను అను మందును అంతకుముందే తయారుచేసి యుండెను. 1959లో బోస్టను వైద్యులు ష్వార్జ్, డామెషెక్ అనువారు ఆ మందుతో కుందేళ్లయందు పరపదార్థముపై సహనమును పుట్టించిరి. దాని సంతతియైన అజాథయోప్రిను సహాయమున 1962లో, చనిపోయిన పరాయివాని మూత్రపిండము రోగిలో నిలిచెను. శత్రువును గుర్తించిన తెల్లకణములు సైన్యముగా పెరుగుటకు వేగముగా చీలవలెను; ఆ చీలికను ఆపినచో వైరము చల్లారును. లుకేమియాకణమును మాడ్చిన ఉపాయమే ఇచ్చట శాంతిని కుదుర్చు ఉపాయమైనది.

సుబ్బారావుగారి మెథోట్రెక్సేటు తన పూర్తి సార్థక్యమును పొందినది ఎముకల మూలుగ చికిత్సయందు. మూత్రపిండమును మార్చినప్పుడు ఇంటివాడు అతిథిని తరుమును. మూలుగను మార్చినప్పుడు, వచ్చిన మూలుగయే రక్షకకణములను పుట్టించునది గావున, అతిథి ఇంటివానిపై తిరుగబడును. చర్మము, కాలేయము, ప్రేవులు దెబ్బతిని రోగి ప్రాణమునకే ముప్పు వచ్చును. ఈ.డొనాల్ థామస్ అను వైద్యుడును ఆయన అనుచరులును మెథోట్రెక్సేటును కుక్కలయందు పరీక్షించి, 1969నుండి సియాటిల్ నగరమున తోబుట్టువుల మూలుగను రోగులకు ఎక్కించుటలో దానిని వాడిరి. మూలుగను ఎక్కించిన 1వ, 3వ, 6వ, 11వ దినములలో కొద్దికొద్దిగా ఇచ్చుట వారు స్థిరపఱచిన పద్ధతి. క్రొత్తకణములు ఇంటివానిని శత్రువని తలచి పెరుగుటకు మొదలిడు దినములు అవియే. 1980 తరువాత సైక్లోస్పోరినుతో కలిపి వాడగా ఫలితములు మఱింత మెఱుగుపడెను. థామస్, మర్రేలకు 1990లోను, హిచ్చింగ్స్, ఎలియాన్‌లకు జేమ్స్ బ్లాక్‌తో కలిపి 1988లోను నోబెలు బహుమతులు వచ్చినవి. సుబ్బారావుగారికి రాలేదు; అప్పటికి ఆయన గతించి నాలుగు దశాబ్దములైనది.

ఇందొక విశేషము కలదు. మూత్రపిండమును పొందినవారిలో నూటికి చాలమంది జీవితాంతము మందులు మ్రింగవలసినదే. మూలుగను పొందినవారిలో పలువురికి, కొన్ని నెలలు గడచిన పిమ్మట మందులను క్రమముగా తగ్గించి మానివేయుటకు వీలగును. అప్పటికి క్రొత్తమూలుగ ఆ శరీరమును తన ఇల్లుగా నెఱిగి యుండును. ఇదియే స్థిరమైన సహనము. ఈ సంగతి నాధారము చేసికొని, 1998నుండి బోస్టనులోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటలు వైద్యులు ఒకే దాతనుండి మూత్రపిండమును, మూలుగను కలిపి యిచ్చి, కొందఱు రోగులకు పిమ్మట మందులే అక్కరలేకుండ చేయగలిగిరి.

ఈ చికిత్సకు మన్యముతో గల సంబంధమును ఇక తెలుపవలసియున్నది. సికిల్‌సెల్ లక్షణము ఒక్క తల్లినుండి గాని, ఒక్క తండ్రినుండి గాని వచ్చినచో బిడ్డ ఆరోగ్యముగనే యుండును. పైగా మలేరియా జ్వరము ప్రాణాంతకము కాకుండ అది కొంత కాపాడును. మలేరియా దట్టముగా నున్న కొండప్రాంతములలో ఈ లక్షణము నిలిచిపోవుటకు కారణమిదియే. తల్లిదండ్రు లిరువురికిని లక్షణమున్నచో, పుట్టు ప్రతి బిడ్డకును నాల్గింట ఒకపాలు వ్యాధి వచ్చు అవకాశము కలదు. భారతదేశమున ఈ లక్షణము మొదట 1952లో నీలగిరి కొండజాతులయందు కనబడినది. తూర్పుకనుమల గిరిజనులలోను అది కలదని పిమ్మట తెలిసెను. 2023 జూలై 1న భారతప్రభుత్వము దీనిని నిర్మూలించుటకు ప్రత్యేక కార్యక్రమమును ప్రారంభించి, గిరిజన ప్రాంతములలో రక్తపరీక్షలను చేపట్టినది.

వ్యాధిగలవారి ఎఱ్ఱకణములు త్వరగా నశించును గనుక, శరీరము ఎడతెగక క్రొత్తకణములను పుట్టింపవలెను. అందుకే వారికి ఫోలిక్ ఆమ్లము. నొప్పులను తగ్గించుటకు హైడ్రాక్సీయూరియా అను మందు వైద్యుల సలహాపై వాడుదురు. మూలుగ చికిత్స 1984లో సికిల్‌సెల్ గల ఒక బాలికకు లుకేమియా కొఱకు చేయగా, రెండు వ్యాధులును పోయినవని తెలిసినది. దీనికి రక్తలక్షణములు కలిసిన తోబుట్టువు కావలెను. అట్లు కలియు అవకాశము ప్రతి తోబుట్టువునకును నాల్గింట ఒకటి మాత్రమే. పెద్ద వైద్యశాల, ధనము, చాలకాలపు జాగ్రత్త కావలెను, ప్రాణాపాయమును లేకపోలేదు. అందఱికిని తగిన చికిత్స కాదు. ఐనను, రోగి పాతమూలుగ అంతయు పోనక్కరలేదనియు, దాత మూలుగ కొంతభాగము నిలిచినను రక్తము బాగుపడుననియు తెలిసినది. ఓవెన్ చూచిన కవలదూడలవలె, రెండు రక్తములు ఒక శరీరమున వైరములేక ఉండవచ్చును.

సుబ్బారావుగారు అమెరికాలో పాతికేండ్లు పరదేశిగానే జీవించిరి. ఆ దేశపు పౌరుడు కాకయే మరణించిరి. తాను చేసిన పనిని తన పేర ప్రచారము చేసికొనక, ప్రయోగశాలలోని సహోద్యోగులను ముందు నిలిపి తాను వెనుక నిలిచిరి. అందుచేతనే స్వదేశమునను ఆయన పేరు చాలకాలము కొలదిమందికే తెలిసియుండెను. ఒక శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసెస్ అను పేరుపెట్టిరి. 1995లో శతజయంతి సందర్భమున భారత తపాలాశాఖ ఆయన చిత్రముతో తపాలాబిళ్లను వెలువరించెను.

రెండుసార్లు పరీక్ష తప్పిన బాలుడు, పట్టమును తక్కువచేసిన గురువు, స్థిరోద్యోగము నీయని విద్యాలయము, కనులారా చూడని బిడ్డ — ఇవి ఆ జీవితములోని లోటులు. కాని ఇద్దఱు సోదరుల మరణముతో ఆరంభమైన ఆ యన్వేషణ, ఒక సోదరి మూలుగతో మఱియొక సోదరుడు బ్రతుకు కాలమునకు దారిచూపినది. అరకు కొండలలో ఏ గుడిసెయందైనను, ఏ తల్లి యైనను తన బిడ్డ చేతిలో ఆ చిన్నమాత్రను పెట్టునప్పుడు, భీమవరములో వెంకమ్మగారు బడికి మరల పంపిన ఆ బాలుని శ్రమ ఫలించుచునే యున్నది. రక్తపరీక్షకు వెనుదీయకుండుటయు, వివాహమునకు ముందే ఇరుపక్షములవారు తమ లక్షణమును తెలిసికొనుటయు ఆ శ్రమకు గ్రామములు తీర్చుకొనదగిన ఋణము.